క్రిస్మస్ అర్థం డిసెంబరుతో ఆగకుండా: ఏడాది పొడవునా ఇంట్లో, సంఘంలో ఏం చేయవచ్చు?

తొట్టిలో_వెలుగు · 7 జనవరి 2026, రాత్రి 9:10

అందరికీ వందనాలు. బాలయేసును చూడటానికి తూర్పు జ్ఞానులు వచ్చినందుకు చేసే జ్ఞానుల పండుగ కూడా నిన్నటితో అయిపోయింది. ఈ వారం ఇళ్ల మీద స్టార్లు దిగుతాయి, పశువుల పాక అట్టపెట్టెలోకి వెళ్తుంది. దేవుడు మనిషై మన మధ్యకు వచ్చాడన్న మాట కూడా దానితోపాటే అటకెక్కి, మళ్లీ సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరిపే వేడుక) నాడు కిందికి దిగుతుంది. ఇది ఇంకో ప్రసంగంతో తీరే లోటు కాదు. ఏ రోజు, ఏ పని, ఎవరు చేస్తారు అన్నవి జనవరిలోనే కాగితం మీద పడాలి. అలా రాసుకోనిది ఫిబ్రవరికల్లా జారిపోతుంది.

అన్నిటికంటే తేలికైనది ప్రతి నెలా 25వ తేదీ పట్టుకోవడం. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో క్రీస్తు రాకకు సంబంధించిన ఒక భాగం చదవాలి, ఆ నెలలో ఒక పని చేయాలి. భాగాలు ఇలా పెట్టుకోవచ్చు. జనవరిలో మత్తయి 2:1-12. ఫిబ్రవరిలో బాలయేసును ఆలయానికి తెచ్చిన లూకా 2:22-38. మార్చి 25 సరిగ్గా తొమ్మిది నెలల ముందు రోజు కాబట్టి దేవదూత మరియతో మాట్లాడిన లూకా 1:26-38. ఏప్రిల్ ఈస్టరు రోజులు కాబట్టి లూకా 2:7, లూకా 23:53 పక్కపక్కన చదవాలి. పుట్టినప్పుడు చుట్టిన బట్ట, సమాధిలో ఉంచేటప్పుడు చుట్టిన బట్ట రెండూ ఒకే సువార్తలో ఉన్నాయి. మేలో మరియ తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లిన లూకా 1:39-56, జూన్‌లో ఎలీసబెతు కొడుకు, బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టిన లూకా 1:57-80, జూలైలో ఐగుప్తు ప్రయాణం మత్తయి 2:13-15. ఆగస్టుకి యెషయా 9:1-7, సెప్టెంబరుకి మీకా 5:2-5, అక్టోబరుకి ఫిలిప్పీయులకు 2:5-11. నవంబరుకి అందరూ దాటేసే మత్తయి 1:1-17. అందులో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఉన్నారు. ఆ పేర్లు ఆ పట్టికలోకి ఎందుకు వచ్చాయో పిల్లలు అడగనివ్వండి. డిసెంబరుకి లూకా 2:1-20 ఎలాగూ ఉంది.

ఇందులో తప్పులుంటే చెప్పండి. మీ మీ సంఘాల్లో నడిచే పద్ధతులు కూడా రాయండి. ఒక్క మనవి: ఎలా చేయాలో, ఎంత అవుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో రాస్తే చదివినవాళ్లకు పనికొస్తుంది.

త్రికాలగంట · 7 జనవరి, రాత్రి 10:02

వందనాలండీ. మీరు కొత్తగా కట్టాలనుకునేదానిలో చాలా భాగం ఆరాధనలో ముందునుంచే ఉంది. మనం గమనించడం మానేశాం, అంతే.

కతోలిక గుళ్లలో ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6కి మోగే గంట త్రికాల జపానిది. ఆ జపమంతా దేవదూత వార్త, మరియ ఒప్పుకోలు, వాక్యం శరీరధారి కావడం. అంటే రోజుకు మూడుసార్లు క్రిస్మస్ కబురే. పూర్తిగా చెప్పినా రెండు నిమిషాలు దాటదు. పాస్కా (ఈస్టరు) కాలంలో మాత్రం దాని బదులు పునరుత్థానాన్ని కీర్తించే వేరే జపం చెబుతారు.

గంట వినపడని ఊళ్లో, ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఫోనులో మూడు అలారాలు పెట్టుకుంటారు. వారం తిరక్కుండానే చేయి దానంతట అదే అలారం ఆపేస్తుంది, జపం ఉండదు. అందుకని మొదట ఒక్క మధ్యాహ్నం 12 గంటలదే పెట్టుకోండి. భోజనం డబ్బా తెరవడానికి ముందు అని దానికి ఒక పని ముడిపెట్టండి. అది నిలిచాక, అంటే కనీసం నెలయ్యాక, సాయంత్రానిది కలపండి.

విశ్వాస సంగ్రహం (పూజలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రకటన) చెప్పేటప్పుడు ఆయన మానవుడైన సంగతి వచ్చే మాటల దగ్గర తల వంచాలి. క్రిస్మస్ నాడు, మార్చి 25 నాటి దేవదూత వార్త పండుగ పూజలోనూ అక్కడ మోకరిస్తాం. మిగతా ఆదివారాల్లో గబగబా చదివేస్తూ ఆ వంగడం వదిలేస్తున్నారు. చదువు నడిపించేవాళ్లు ఆ వాక్యం ముందు ఒక్క ఊపిరి ఆగితే చాలు, గుడి మొత్తం వంగుతుంది.

మార్చి 25 గురించి ఒక జాగ్రత్త. ఈ ఏడాది అది బుధవారం, ఈస్టరుకు ముందుండే తపస్సు కాలం మధ్యలో వస్తుంది, ఇబ్బంది లేదు. 2027లో ఈస్టరు మార్చి 28న కాబట్టి 25 పవిత్ర గురువారం అవుతుంది. మా లెక్కలో పండుగ ఏప్రిల్ 5, సోమవారానికి జరుగుతుంది. 2024లోనూ ఇలాగే ఏప్రిల్ 8కి జరిగింది. పట్టిక రాసేవాళ్లు ఏటా ఈస్టరు తేదీ చూసుకుని రాయాలి.

సువార్త_పలక · 8 జనవరి, ఉదయం 6:40

త్రికాలగంట గారూ, మీ మాటకు ఒకటి కలుపుతాను. మరియ పాట (లూకా 1:46-55), యోహాను తండ్రి జెకర్యా పాట (1:68-79), ఆలయంలో బాలయేసును ఎత్తుకున్న సుమెయోను పాట (2:29-32) మూడూ యేసు పుట్టుక చుట్టూ ఉన్నవే. సీఎస్ఐ, లూథరన్ సంఘాల ఆరాధన క్రమాల్లో ఉదయ ప్రార్థనకు జెకర్యా పాట, సాయంకాలానికి మరియ పాట, సుమెయోను పాట ఏడాదంతా ఉంటాయి. జూలైలో సాయంకాల ఆరాధనకు వెళ్లినా లూకా రెండో అధ్యాయం వినబడుతుంది. సమయం చాలదని వాటిని దాటేసే సంఘాలు నెలకు ఒక్క ఆదివారమైనా తిరిగి తెచ్చుకోవాలి.

ఇక పిల్లల సంగతి. సండే స్కూల్లో డిసెంబరు అంతా నాటకం రిహార్సల్సుతో గడిచిపోతుంది. సంభాషణలు వస్తాయి, వాక్యం రాదు. కంఠత పని జూన్‌లో మొదలుపెట్టాలి. లూకా 2:8-14 ఏడు వచనాలు. నెలకొక వచనం చొప్పున జూన్ నుంచి డిసెంబరుకు సరిగ్గా ఏడు నెలలు. నెల మొదటి ఆదివారం కొత్త వచనం, మిగతా ఆదివారాలు మొదటి నుంచి చెప్పించడం. ఐదేళ్ల పిల్లలకు కూడా ఇది బరువు కాదు. నవంబరులో ఒకేసారి ఏడూ ఇస్తే చురుకైన నలుగురు నేర్చుకుంటారు, మిగతావాళ్లు పెదవులు కదిపి ఊరుకుంటారు.

రెండో చిక్కు భాష. ‘తొలిచూలు’, ‘సత్రము’, ‘పొత్తిగుడ్డలు’ ఇప్పటి పిల్లలకు తెలియవు. బైబిలు మాట మార్చకండి, పక్కన వాడుక మాట పెట్టండి. తొలిచూలు అంటే మొదటి కాన్పు. సత్రం అంటే ప్రయాణికులు దిగే చోటు. పొత్తిగుడ్డలు అంటే పసిబిడ్డను చుట్టే మెత్తని గుడ్డలు. పశువుల తొట్టి అంటే ఆవుకు, గేదెకు మేత వేసే తొట్టి. పట్నం పిల్లలు దాన్ని నీళ్ల తొట్టి అనుకుంటారు, అందుకే ఒక్కసారైనా కొట్టం దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి. ఆ వాసన, ఈగలు తెలిస్తే ఆయన ఎక్కడ పడుకున్నాడో అర్థమవుతుంది. గ్రీటింగ్ కార్డు మీది తొట్టికి ఏ వాసనా ఉండదు కదా.

మూడోది, నాటకంలో వాక్యం లేని సంగతులు. సత్రం యజమాని అనే మనిషి లూకాలో లేడు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు, కానుకలు మూడని చెప్పాడు. వాళ్లు వచ్చింది ఇంటికి (2:11), పాకకు కాదు. నాటకంలో వేసుకోవద్దని కాదు. జనవరి నెల పాఠంలో ‘వాక్యంలో ఉన్నదేది, మనం కలిపిందేది’ అని పిల్లలతోనే వెతికించండి. పండుగ అయిపోయాక కూడా బైబిలు తెరవడానికి ఇంతకంటే మంచి సాకు లేదు.

రొట్టె_విరుచుట · 8 జనవరి, మధ్యాహ్నం 1:25

మరనాత. సహోదరులు తప్పుగా తీసుకోకండి, నా వైపు మాట కూడా ఇక్కడ ఉండాలి. మా బ్రదరెన్ సహవాసాల్లో చాలావాటిలో క్రిస్మస్ పండుగగా చేయరు. ప్రభువు పుట్టిన తేదీ లేఖనం చెప్పలేదు. దినములను, మాసములను ఆచరించడం గురించి గలతీయులకు 4:10లో పౌలు హెచ్చరిక ఉంది. ఒక్క రోజు తీసేసి పన్నెండు 25లు పెడితే సమస్య పన్నెండింతలు కాదా?

ఆయన శరీరధారి అయ్యాడన్నది మాత్రం మాకు ప్రాణం. ఆ సంగతిని ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచేటప్పుడు తలచుకుంటాం. శరీరం లేకుండా విరిగిన శరీరం లేదు. బల్ల దగ్గరికి వచ్చే ముందు హెబ్రీయులకు 2:14-18 నెమ్మదిగా చదివి చూడండి. ఆయన రక్తమాంసాల్లో పాలుపంచుకోవడం, అన్ని విషయాల్లో సహోదరుల్లాంటివాడు కావడం, శోధింపబడేవాళ్లకు సహాయం చేయగలగడం ఆ ఐదు వచనాల్లోనే ఉన్నాయి. చదవడానికి నిమిషం పట్టదు.

తొట్టిలో_వెలుగు · 8 జనవరి, రాత్రి 8:50

సహోదరుడా, తప్పుగా ఎందుకు తీసుకుంటాం. రోమీయులకు 14:5-6 ప్రకారం దినాన్ని ఎంచేవాడూ, ఎంచనివాడూ ప్రభువు కోసమే. 25 అనేది జ్ఞాపకానికి ఒక మేకు మాత్రమే, పవిత్రత ఆ తేదీలో లేదు. మీరు చెప్పిన హెబ్రీ భాగాన్ని ఆగస్టుకు యెషయాతో కలిపి పెడుతున్నాను. బల్ల దగ్గర పుట్టుకను తలచుకోవడం మిగతా సంఘాలు కూడా నేర్చుకోవాల్సిన సంగతి.

సంఘ_లెక్కలు · 8 జనవరి, రాత్రి 10:30

అన్నలకు, అక్కలకు వందనాలు. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. సంవత్సరమంతా ఏదైనా చేయాలంటే ముందు అది తేలాలి.

సంఘంలో క్రిస్మస్ ఖర్చు సాధారణంగా లైటింగ్, పందిరి, సౌండు, ప్రేమవిందు, కొత్త బట్టల పంపిణీ మీద పోతుంది. అంతా ఆ రెండు వారాల్లోనే. ఉదాహరణకు మొత్తం 60,000 అనుకోండి. అందులో నాలుగో వంతు 15,000 పక్కన పెడితే నెలకు 1,250 వస్తుంది. ఒక వృద్ధురాలి బీపీ, షుగరు మాత్రలకు, లేదా ఇద్దరు పిల్లల నోటుపుస్తకాలకు అది ఏడాదంతా ఆసరా. డిసెంబరు 25న ఒక చీర ఇచ్చి మళ్లీ ఏడాది దాకా ఆ గడప తొక్కకపోవడం కంటే ఇది క్రిస్మస్‌కు దగ్గర.

ఈ నిర్ణయం జనవరిలో తీసుకుంటే నడవదు, అప్పటికే డబ్బు అయిపోయి ఉంటుంది. అక్టోబరు కమిటీలో పెట్టి, తీర్మానం పుస్తకంలో రాయించి, ఆ 15,000 వేరే పద్దు కింద చూపాలి. సాధారణ నిధిలో కలిపితే మార్చిలో మైకు రిపేరుకు పోతుంది. ఇద్దరి సంతకంతోనే ఖర్చు చేయాలి, అందులో ఒకరు స్త్రీల సమాజం నుంచి ఉండాలి. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. పేర్లు ఆదివారం ప్రకటనల్లో చదవకూడదు. పుస్తకంలో ఉంటే చాలు.

ఇంటి స్థాయిలో అయితే వారానికి 50 రూపాయలు, ఏడాదికి 2,600. డబ్బా కన్నా బ్యాంకు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మంచిదంటారు గానీ అందులో రెండు మెలికలున్నాయి. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి కుదరదు. బ్యాంకులో 12 నెలలది జనవరిలో మొదలుపెడితే చేతికొచ్చేది వచ్చే జనవరిలో, పండుగ దాటాక. డిసెంబరు మొదటి తేదీన మొదలుపెడితే మరుసటి డిసెంబరు మొదట్లో వస్తుంది. ఇప్పటికే జనవరి వచ్చేసింది కాబట్టి ఈ ఏడాదికి డబ్బానే వాడండి, మూత అతికించేయండి.

మెదక్_దారి · 9 జనవరి, ఉదయం 7:15

లెక్కలు గారి మాట చదివితే మెదక్ చర్చి గుర్తుకొస్తోంది. దాన్ని ప్రతిష్ఠించింది 1924 డిసెంబరు 25న. అందరూ ఎత్తు, అద్దాల కిటికీలు చెప్పుకుంటారు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కూలి పని, తిండి దొరకాలని మిషనరీ రెవరెండ్ పోస్నెట్ ఆ కట్టడం పని నడిపించాడని ఎంతమంది పిల్లలకు చెబుతాం? క్రిస్మస్ నాడు తలుపు తెరుచుకున్న గుడి ఏళ్ల తరబడి ఆకలి తీరుస్తూ లేచింది. డిసెంబరు 25న అక్కడికి వెళ్లేవాళ్లు దారిలో ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

ఇంకొకటి, పిడికెడు బియ్యం. మన స్త్రీల సమాజాలకు కొత్త కాదు. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు. అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. పిడికెడు అంటే సుమారు 40 గ్రాములు. రెండు పూటలకు 80, నెలకు 2.4 కిలోలు. పాతిక ఇళ్లు చేస్తే 60 కిలోలు. పది కిలోల చొప్పున ఆరు కుటుంబాలకు సరిపోతాయి.

ఇది చెడేది మూడు చోట్ల. ఒకటి, నెలాఖరున గుర్తొచ్చి బస్తాలోంచి ఒకేసారి రెండు కిలోలు తీసి ఇవ్వడం. బియ్యం వస్తాయి, కానీ ప్రార్థన పోతుంది. తీసిన ప్రతిసారీ ఒక పేరు తలచుకోవాలన్నదే ఇందులో ప్రాణం. రెండు, అన్ని రకాలూ కలిపేయడం. సన్న బియ్యం, దొడ్డు బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే సంచిలో పోస్తే ఒకటి ఉడికేలోపు ఇంకొకటి ముద్దవుతుంది. కనీసం రెండు సంచులు పెట్టండి, ఉప్పుడు బియ్యం విడిగా. మూడు, పురుగు. వానాకాలంలో మూడు వారాలు దాటితే ముక్కపురుగు పట్టేస్తుంది. డబ్బా పూర్తిగా ఆరినది కావాలి, తడి చేత్తో తీయకూడదు, నాలుగు ఎండుమిరపకాయలు లేదా నీడన ఆరబెట్టిన వేపాకు వేయాలి. జూలై నుంచి అక్టోబరు దాకా నెలకు కాకుండా పదిహేను రోజులకొకసారి సేకరించడం మేలు.

ఇచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. మా మతంలోకి వస్తారా, ఆదివారం గుడికొస్తారా అన్న మాట అసలే వద్దు. తొట్టిలో పుట్టినవాడు ఎవరికీ షరతు పెట్టలేదు.

పొత్తిళ్లు · 9 జనవరి, మధ్యాహ్నం 3:05

సువార్త_పలక అక్కా, పొత్తిగుడ్డలు పిల్లలకు తెలియవన్నారు. ఆ మాటనే పనిగా మారిస్తే తెలుస్తాయి. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అని ఇప్పటికీ అంటాం. అవి పాత నూలు చీరలే. స్త్రీల సమాజం ఫిబ్రవరి 2కో, మార్చి 25కో, మే నెలకో పొత్తిగుడ్డల మూటలు కట్టి సర్కారు ఆసుపత్రిలో కాన్పైన తల్లులకు ఇవ్వవచ్చు. అయితే పద్ధతి తెలియకుండా చేస్తే బిడ్డకు హాని.

చీర నూలుదే కావాలి, ఉతికి ఉతికి మెత్తబడింది. పాలిస్టరు చెమట పీల్చదు. అంచు, జరీ, ఫాల్ పూర్తిగా తీసేయండి. ఐదున్నర మీటర్ల చీరకు మీటరుకొక ముక్క చొప్పున ఐదు వస్తాయి. అంచుల దారాలు వేలాడితే బిడ్డ వేళ్లకు చుట్టుకుంటాయి, అందుకని సన్నగా మడిచి కుట్టాలి. సబ్బుతో ఉతికి, సబ్బు పోయేదాకా మూడు నీళ్లు మార్చి, గంజి పెట్టకుండా మంచి ఎండలో ఆరేసి, వేడి ఇస్త్రీ చేయాలి. వాసన నూనెలు, సెంటు వద్దు.

అన్నిటికంటే ముఖ్యం: కలరా ఉండలు వేసి దాచిన చీరలు వాడకండి. నాఫ్తలీన్ ఆవిరి బట్టలో ఉండిపోతుంది. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పసికందుకు దానివల్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో చూసి తెలిసేది కాదు. తయారైన మూటలను కూడా ఉండలు లేకుండా శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి.

మూటలో నాలుగు పొత్తిగుడ్డలు, ఒక మెత్తని తువ్వాలు, ఒక టోపీ, ఒక జత మేజోళ్లు, తల్లికి ఒక నూలు తువ్వాలు. సేఫ్టీ పిన్నులు వద్దు. పౌడరు, కాటుక, పాలడబ్బా, పాలసీసా పెట్టకండి. తల్లి పాలకు అడ్డొచ్చేది ఏదీ మన చేతి మీదుగా పోకూడదు. ముందు రోజు హెడ్ నర్సును అడిగి, ఎంతమంది ఉన్నారో తెలుసుకుని వెళ్లండి. పది మంది ఉన్న వార్డుకు ఆరు మూటలు తీసుకెళ్తే నలుగురి మనసు కష్టపడుతుంది. వార్డులోకి ఇద్దరే వెళ్లాలి, దగ్గు జలుబు ఉన్నవాళ్లు ఆగిపోవాలి, బిడ్డను ఎత్తుకోవద్దు, పాటలు పెట్టవద్దు.

మే నెలకు ఇంకో పని. మరియ ఎలీసబెతు దగ్గర మూడు నెలలు ఉంది (లూకా 1:56). ఒక పూట చూసి రావడం కాదు అది. సంఘంలో, వీధిలో గర్భిణి ఉంటే ఒక అక్కను ఆమెకు తోడుగా పెట్టండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజు వెంట వెళ్లడం, కార్డు జాగ్రత్త చేయడం, తేదీ దగ్గరపడ్డాక అంబులెన్సుకు ఫోను చేసేదెవరో ముందే అనుకోవడం. ఏ కులమైనా, ఏ మతమైనా.

త్రికాలగంట · 9 జనవరి, సాయంత్రం 6:10

పొత్తిళ్లు గారూ, ఫిబ్రవరి 2 మీరెందుకు ఎంచుకున్నారో తెలిసింది. డిసెంబరు 25 నుంచి లెక్కేస్తే అది నలభయ్యో రోజు, బాలయేసును ఆలయంలో సమర్పించిన పండుగ. ఆ రోజు మరియ, యోసేపు అర్పించింది గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. లేవీయకాండం 12:8 ప్రకారం గొఱ్ఱెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్ల అర్పణ అది. ఆ ఒక్క వచనం చాలు ఆయన ఏ ఇంట పుట్టాడో చెప్పడానికి. కతోలిక గుళ్లలో ఆ రోజు కొవ్వొత్తులు ఆశీర్వదిస్తారు. ఇంటికి తెచ్చుకున్న కొవ్వొత్తిని మూల పడేయకుండా నెలనెలా 25న ప్రార్థనలో పది నిమిషాలు వెలిగిస్తే మళ్లీ ఫిబ్రవరి దాకా వస్తుంది. సన్నదైతే రాదు, రెండు వేళ్ల మందం ఉండాలి.

లూకాలోని అదే భాగంలో అన్న అనే స్త్రీ ఉంది, ఎనభై నాలుగేళ్ల మాట వచ్చే విధవరాలు. ఆ వారం సంఘంలోని ఒంటరి పెద్దవాళ్లను చూడ్డానికి వెళ్లడం సహజంగా కుదురుతుంది.

డల్లాస్_తెలుగు · 9 జనవరి, రాత్రి 11:40

అందరికీ వందనాలు. ఇక్కడి తెలుగు సంఘాల కోణం కొంచెం. ఇక్కడ పిల్లలకు తెలుగు వినబడితే అర్థమవుతుంది, చదవడం రాదు. అమ్మమ్మ, తాతయ్యలతో కలిపి వీడియోలో 25వ తేదీ ప్రార్థన పెట్టుకుంటే పెద్దవాళ్లు తెలుగులో చదువుతారు, పిల్లలు తమకు వచ్చిన భాషలో అదే భాగం చూస్తూ వింటారు. శీతాకాలంలో ఇక్కడ ఉదయం 8 అయితే హైదరాబాదులో రాత్రి 7:30. మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరిగాక అదే 8 అక్కడ 6:30 అవుతుంది, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ మారుతుంది. ఈ ఒక్క గంట తేడాతో రెండు నెలల్లో ఆగిపోయే ప్రార్థనలు ఎన్నో. ఊళ్లో వాళ్ల సమయాన్ని స్థిరంగా ఉంచి, మనమే గంట మార్చుకోవాలి.

ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. ఒక కీర్తన రెండు చరణాలు, పది వచనాలు, పిల్లలకు ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. వీడియోలో అందరూ కలిసి పాడితే ఒకరి గొంతు ముందు, ఒకరిది వెనక పడి గందరగోళం. ఒక ఇల్లు పాడాలి, మిగతావాళ్లు మైకు మూసుకుని కలపాలి.

25 పనిదినమైతే ఏం చేస్తున్నారు?

తొట్టిలో_వెలుగు · 10 జనవరి, ఉదయం 5:55

డల్లాస్ అన్నా, దూరంలో ఉన్నవాళ్లు 25 తర్వాత వచ్చే శనివారానికి జరుపుకోండి. ముందుకు మాత్రం జరపకండి. ముందు శనివారం అనుకుంటే ‘ఇంకా 25 రాలేదు కదా’ అని వాయిదా పడి, ఆ నెల పోతుంది.

సువార్త_పలక · 10 జనవరి, ఉదయం 9:20

జూన్ 24 ఎవరూ ఎత్తలేదు. దేవదూత మరియ దగ్గరికి వచ్చేసరికి యోహాను తల్లి ఎలీసబెతుకు ఆరో నెల (లూకా 1:36). అందుకే యోహాను పుట్టుకను క్రిస్మస్‌కు ఆరు నెలల ముందు పెట్టారు. మన దగ్గర అది బళ్లు తెరిచిన నెల. యోహాను పెద్దయ్యాక చెప్పిన మొదటి పనుల్లో ఒకటి, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఇవ్వాలని (3:11). యూనిఫాం మారిన పిల్లల పాతవి, సంచులు, సగం మిగిలిన నోటుపుస్తకాలు ఆ వారం తీయించండి. చిరిగినవి, గుండీలు ఊడినవి అలాగే ఇవ్వకూడదు. మనం తొడుక్కోగలిగితేనే ఇవ్వాలి. పుస్తకంలో రాసిన పేజీలు కత్తిరించి, మిగిలినవాటిని మూడు కలిపి దబ్బనంతో కుడితే మంచి రఫ్ నోటు వస్తుంది. కుట్టే పని పిల్లలదే.

మెదక్_దారి · 10 జనవరి, ఉదయం 11:00

ఐగుప్తు ప్రయాణాన్ని జూలైకి పెట్టారు. ఆలోచిస్తే తెలంగాణలో అది జనవరిలో రావాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు కుటుంబాలతో వచ్చినవాళ్లు ఇప్పుడే ఉంటారు, వానలకు ముందు వెళ్లిపోతారు. జూలైలో ఆ వాక్యం చదివి బట్టీకి పోతే ఖాళీ గుడిసెలే. పరాయి రాజ్యంలో పసిబిడ్డతో ఉన్న యోసేపు, మరియలు జనవరి నుంచి మే దాకా మన ఊరి పక్కనే ఉన్నారు.

వెళ్లే ముందు బట్టీ మేస్త్రీతో, యజమానితో మాట్లాడి వెళ్లండి. చెప్పకుండా వెళ్తే ఆ అనుమానం తర్వాత కూలీల మీద పడుతుంది. పని ఆపించేలా వెళ్లకండి. ఇటుక లెక్క మీద కూలి వాళ్లకు, మనం తీసుకున్న గంట వాళ్ల డబ్బే. పిల్లల కాళ్లకు చెప్పులు, దుప్పట్లు, ఒడియా తెలిసిన మనిషి ఒకరు. చెప్పులకు ముందే దారంతో పాదం కొలత తీసుకుని, దారానికి పేరు చీటీ కట్టండి. అంచనాతో కొంటే సగం సరిపోవు.

తొట్టిలో_వెలుగు · 10 జనవరి, రాత్రి 9:30

మెదక్ అన్న మాట సరైనది. మత్తయి 2:13-15ను జనవరి 25కి తెచ్చి, జ్ఞానుల భాగంతో కలిపేశాను. వాక్యంలో కూడా రెండూ ఒకదాని వెంట ఒకటే వస్తాయి. జూలైకి యోహాను 1:1-14 పెడుతున్నాను.

దించిన పశువుల పాక గురించి ఇద్దరు మెసేజ్ పెట్టారు, ఇక్కడే చెప్తాను. వరిగడ్డి మాత్రం దాచకండి, పురుగు, ఎలుక రెండూ వస్తాయి. ఆవుకు వేసేయండి, డిసెంబరుకు కొత్త గడ్డి ఎలాగూ దొరుకుతుంది. పీవోపీ బొమ్మలకు తేమ పడదు, న్యూస్ పేపరు చుడితే సిరా అంటుతుంది. పాత నూలు గుడ్డలో విడివిడిగా చుట్టి, పెట్టెను నేల మీద కాకుండా అలమరలో పెట్టండి. లైట్ల తీగను అట్టముక్కకు చుడితే చిక్కుపడదు. బొమ్మలన్నీ లోపల పెట్టినా ఖాళీ తొట్టి ఒక్కటి బయట, భోజనం చేసే చోట ఉంచండి. ఆ నెల పని చేసిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు అందులో ఒక గడ్డిపరక వేస్తారు. డిసెంబరు 24 రాత్రి బాలయేసు బొమ్మను పడుకోబెట్టేది ఆ పరకల మీదే. పరకలు నెలకోసారి ఎండలో పెట్టండి. పిల్లలు చేయని పనికి కూడా పరక వేయాలని చూస్తారు. ఏ పనికి వేశారో చిన్న చీటీ మీద రాసి దానికి కట్టిస్తే సరి.

పొత్తిళ్లు · 10 జనవరి, రాత్రి 10:05

అన్నా, ఆ బొమ్మలు చుట్టే పాత గుడ్డల్లో కూడా కలరా ఉండలు వేయకండి. మళ్లీ డిసెంబరులో ఆ గుడ్డలు విప్పేది పిల్లలే.